ఎడమ ముంగాలు

ఎన్ని మెడల్స్ కొట్టినవ్ దఫేదార్ సాబ్ అని అడిగిండు
పెండ్లిగుర్రానికి నాలాలు కొట్టించనీకి వచ్చిన జానీపాషా.
మల్లేపల్లి చౌరస్తాల, రేకుల షెడ్డు కింద,
ఎనకగాలు గిట్ట నా తొడల నడుమ ఉన్నది,
పెదాల నడుమ నాలుగు మేకులున్నయ్.
జవాబు చెప్పరాదు.

మూడు రోజుల ఆట పిల్లగా అది.
మొదటి రోజు తెల్ల గ్లౌజులు, బిగుసు కోటు,
అరవై మీటర్ల ఇసుకల ఒయ్యారంగ నడక.
కల్లంల బంతి తిరిగే ఎద్దు లెక్క గుండ్రంగ తిరగాలె,
కాని ఎవ్వరో తిప్పుతున్నరని తెల్వొద్దు.

రెండో రోజు అడివి.
పడిపోని మొద్దులు, కందకాలు, నీళ్లు.
ఆ నీళ్లల్ల అడుగు ఎంత లోతున్నదో
గుర్రానికి తెల్వదు, నీకు తెలుసు.
తెలిసిన సంగతిని పిక్కలతోటి చెప్తవు.
అది నమ్మి దుంకుతది.
గమ్మత్తు కాదది,
అప్పు.

మూడో రోజు రంగు కట్టెలు.
తాకితే పడ్తయి, పడితే నాలుగు పాయింట్లు పోతయి.
ఇదంత టీవీల చూపిస్తరు.

రెండో రాత్రికీ మూడో పగటికీ నడుమ ఒక పొద్దుంటది.
దాన్ని చూడనీకి ఎవ్వడు టికెట్ కొనడు.
జీను తీసేసి, కళ్లెం పట్టుకొని
డాక్టర్ల ముంగట గుర్రాన్ని ఉరికించాలె.
నిన్న అడివి దాని కాళ్లల్ల ఏం మిగిల్చిందో
ఆల్లు చూస్తరు.

కాళ్లు చూసుడు నాకు కొత్తగాదు.
మా దిక్కు బోరునీళ్లు బొక్కలను పొయ్యిల కట్టెల్లెక్క వంచినయ్.
మా ఈదక్కకు పన్నెండేండ్లకే మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునేటియి.
రాత్రి ఉప్పుమూటతోటి కాపుడం పెట్టేది నేనే.
ఏ కీలు కాల్తున్నదో, ఏది ఊకె నొస్తున్నదో
నా అరచెయ్యికే ముందు తెలిసేది,
అక్క ఏడ్సుడు తర్వాత.

పాలమూరుల ఫౌజ్ భర్తీకి పోతే
డాక్టర్ నోరు తెరవమన్నడు.
గుర్రం వయసు పండ్లల్ల చూస్తరు గదా,
నా గారపండ్లల్ల ఆయనకు నా ఊరు కనపడ్డది.
ఉరుకుడుల మొదలు వచ్చిన అని తీసుకున్నరు,
లీదె తియ్యనీకి పెట్టిండ్రు.
పదేండ్లకు మైనా దొరికింది నాకు.
నల్లది, నొసట సున్నపు బొట్టు,
ఎవ్వల్ల మాట ఇనని ఆడగుర్రం.

అవుతల దేశం. చలి.
ఆ పొద్దు మైక్ల నా పేరు
ముత్తిలింగం కాదు, ఇంకేందో అయింది.
నేను ఉరికిన, మైనా ఉరికింది,
తారు మీద నాలుగు గిట్టలు ఒక్క తీరుగ మోగినయ్.
ముగ్గురు డాక్టర్లు తల ఊపిండ్రు.
పాస్.

ఎనుక లాయంల ఎవ్వరు లేరు.
ఎడమ ముంగాలు మీద చెయ్యి పెట్టిన.
గిట్టకు పైన, నరం కాడ, ఇంత జాగల
ఈదక్క మోకాలు.

ఉరికిస్తే కట్టెలన్ని దాటుతుండెనేమో.
దాటుతుండె.
అందుకే భయం అయింది.

కాయితం మీద సంతకం పెట్టి ఎనుకకు తీసుకున్న.
జట్టు మూడో జాగ నుంచి ఆరుకు జారింది.
కర్నల్ సాబ్ తిట్టలే, అదే తిట్టు.
మళ్లా లిస్టుల నా పేరు రాలే.
మైనా ఇంకా పదమూడేండ్లు గడ్డి తిన్నది,
ముగ్గురు పిల్లలనేసింది,
నన్ను చూస్తే చెవులు ఎనుకకు ఇరిచేది
ఎప్పటి లెక్కనే. క్షమించిందో లేదో
అడగనీకి నాకెన్నడు భాష రాలే.

ఎనక కాళ్లు రెండు అయినయ్.
కుడి ముంగాలు అయింది.
ఎడమది ఎత్తబోయి ఆగిన.

మేకులు నోట్లకెంచి చెయ్యిల ఉమ్మేసుకున్న.
ఇయ్యాల బరాత్‌కు తోల్కపోకు పిల్లగా.

అడ్వాన్స్ తీసుకున్న సాబ్,
కొండమల్లేపల్లి కాంట్రాక్టర్ బిడ్డ పెండ్లి,
బ్యాండోల్లు సుత ఎక్కిండ్రు.
ఎంత పైసలో సుత చెప్పిండు.
చిన్న లెక్క కాదది.

ఏమనలే నేను.
ఆని చెయ్యి పట్టుకొని
గిట్టకు పైన, నరం కాడ పెట్టిన.

లారీలు పోతున్నయ్.
గుర్రం మెడ కింది గంటలు ఒక్కసారి కదిలి ఆగినయ్.
పిల్లగాడు చెయ్యి తియ్యలేదు.