పుర్రచేతి వాటం

గ్రాట్స్‌లో తెల్లారగట్ట నాలుగు.
మూర్ నది మీద మంచు ఇంకా లేవలేదు.
ఫ్లాస్కుల్లో మడ్డిగంజిలా
బాక్టీరియా ఊగుతోంది.
రోస్వీథా వాటికొక జీన్ అప్పిచ్చింది;
ఎంజైము కట్టి తీరుస్తున్నాయి,
వడ్డీతో సహా.

ఒకటే అణువు, అద్దానికి అటూ ఇటూ:
ఇటుది పుదీనా వాసన,
అటుది షాజీరా.
మామూలుగా వండితే రెండూ సగంసగం పడతాయి,
విడదీయాలంటే తాతలు దిగిరావాలి.
ఎంజైముకి ఆ గొడవ లేదు.
అది కుడిచేతి తొడుగు,
ఎడమచెయ్యి దూరదు.

దూరదా?

ఒకటో తరగతిలో
సిస్టర్ ఆడెల్‌ట్రూడ్ స్కేలు దెబ్బలు తిన్న వేళ్ళివి.
"మంచి చేత్తో రాయమ్మా" అనేది,
కొడుతూనే, ఎంతో మెత్తగా.
ఆ వేళ్ళే పదకొండు నెలలు
పిపెట్ పట్టుకుని
తొడుగు లోపలి కుట్టు వెతికాయి:
ఒకే ఒక్క అమైనో ఆమ్లం.
తీసి, ఇంకోటి పెట్టాయి.

ఇప్పుడు సీసా మూత తీసింది.

పుదీనా కాదు.
కింది వీధి బేకరీలో
అప్పుడే పొయ్యి దిగిన రై రొట్టె.

నోట్‌బుక్‌లో తేదీ వేసి
సంతకం చేసింది, ఎడంచేత్తోనే.
తడి సిరా మీదుగా అరచెయ్యి జరిగి
సగం పేరు అలుక్కుపోయింది.
తుడుచుకోలేదు.