అడ్డపొగ

నిప్పున్న కొస లోపలికి, ఆకు కొస బయటికి.
అలా కాల్చేది చుట్ట
బందరువానిపేట గనగళ్ల దానమ్మ.
ఎందుకలా అని అడిగితే
"మా ఒడ్డున గాలి ఏటనుకున్నావు బావూ?
బయటెడితే ఆరిపోద్ది.
నోట్లో ఎడితే ఏ గాలికీ ఆరదు" అంది.

వాళ్ళమ్మా అంతే, వాళ్ళమ్మమ్మా అంతే.
చేపలు ఆరబెడుతూ, గంప నెత్తికెత్తుకుంటూ,
చంటిదానికి పాలిస్తూ కూడా
పెదాలు బిగించి, బూడిద మింగుతూ.

వైద్య కళాశాల పిల్లలు ఒకసారి టార్చీలు పట్టుకుని ఆ ఊరెళ్ళారు.
నోళ్ళు తెరిపించి అంగిళ్ళు చూసి రాసుకున్నారు.
'ఎన్నేళ్ళ అలవాటు' అనే గడిలో
ఒక పిల్ల ఆమె చెప్పింది చెప్పినట్టే రాసింది:
పెద్ద గాలివానకి ముందు నుంచి.
అంగిట్లో తెల్ల మచ్చ ఉందని చీటీ ఇచ్చింది.
ఆ చీటీ పట్టుకునే దానమ్మ శ్రీకాకుళం వచ్చింది,
రెండేళ్ళ తర్వాత.

నా పని పెద్దదేం కాదు.
డాక్టరమ్మ గీత గీస్తుంది,
పక్క గదిలో కుర్రాడు దానికి లెక్క కడతాడు,
ఆ లెక్క కింద మనిషిని కదలకుండా పడుకోబెట్టి
అయిదడుగుల గోడ వెనక్కొచ్చి మీట నొక్కుతాను.

మొదట మాస్కు.
వేణ్ణీళ్ళలో తెల్లటి గళ్ళ రేకు మెత్తబడుతుంది.
ముఖం మీదికి లాగి పట్టుకోవాలి, చల్లారేదాకా.
"ఇన్నాళ్ళకి వల్లో పడ్డాన్రా" అంది
పళ్ళన్నీ పీకేసిన నోటితో.

ముప్ఫై మూడు రోజులు. శని, ఆది సెలవు.
రోజూ ఒకటే ప్రశ్న:
"ఎలిగించావా?"
"అయిపోయింది, లే."
"పొగ లేదు, సెగ లేదు. ఇదేటి నిప్పు?"

మీ ఒడ్డున అల వదిలిపోయే నల్లిసకలో
ఇలాంటిదే రవ్వంత ఉందని,
పుట్టినప్పటి నుంచీ దాని మీదే నడిచావని
చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.
భయపడుతుందని కాదు,
బయట బెంచీ మీద ఇంకా పన్నెండు మంది ఉన్నారు.

మూడో వారం రుచి పోయింది.
నెత్తళ్ళ పులుసూ, నానబెట్టిన అట్టముక్కా ఒకటే అంది.
నాలుగో వారం నోరంతా పూసింది.
అన్నేళ్ళు నిప్పుని కాపాడిన నోరు
చల్లటి మజ్జిగకి ఏడ్చింది.

ఒక రోజు రాలేదు.
ఫోను మనవరాలెత్తింది:
"ఇసకలో కూకుంది. రానంతంది."
పదకొండే మిగిలాయని చెప్పమన్నాను.
ఇప్పుడు మానేస్తే, ఆరిందనుకుని
చీర చెంగున కట్టుకున్న చుట్టేనని చెప్పమన్నాను.
ఆ మాట నాకెలా తోచిందో తెలీదు.
మర్నాడు తొలి బస్సుకి దిగింది,
మూతికి తువ్వాలు చుట్టుకుని.

మీట నొక్కాక నాకూ ఏమీ కనబడదు.
తెర మీద తెల్ల గళ్ళ కింద ఒక ముసలి ముఖం,
తగ్గిపోయే అంకెలు.
నా జేబుకో బిళ్ళ ఉంటుంది.
నాకెంత సోకిందో మూణ్ణెల్లకోసారి కొలుస్తారు.
దాన్ని పట్టుకు చూసి
"అయితే నీకూ భయమే" అని కళ్ళతో నవ్వింది.
ఆ రోజు నుంచే నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఆఖరి రోజు మాస్కు పారేయబోతుంటే
"నా మొగం నాకిచ్చీ" అని
చంకలో పెట్టుకుని పోయింది.

తగ్గిందా అంటే డాక్టరమ్మ "చూద్దాం" అంటుంది.
మూణ్ణెల్లకో చూద్దాం.
అలాంటివి ఇప్పటికి రెండయ్యాయి.

మొన్న మనవరాలు ఫోటో పంపింది.
ఇసక మీద ఎండుతున్న సావిళ్ళు,
మధ్యలో వెదురు గెడ,
గెడ కొసన దానమ్మ ముఖం,
గళ్ళలోంచి ముక్కలు ముక్కలుగా సముద్రం.
కాకులు రావట్లేదట.
పిల్లి మాత్రం వస్తోందట.
దానికి ఆ ముఖం తెలుసు.