మైదా చెయ్యి

మొదట ఒప్పుకోవాల్సింది నేనే.
ఆ కళ్ళ మీద మైదా పూసింది ఈ చెయ్యే.

జగదాంబ దగ్గర, రాత్రి రెండు.
ఆఖరి ఆటో పూర్ణామార్కెట్టు వైపు వెళ్ళిపోయింది.
నిచ్చెన మీద నేను, కింద బకెట్టు,
గోడ మీద మూడు రోజుల కిందట నేనే అంటించిన 'ఉప్పుగది':
వల కుడుతున్న ఆడమనిషి.
తల వంచుకునే ఉంటుంది,
కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తుంది.
ఒక్క నెత్తురు చుక్క లేదు.

దాని మీదకి పన్నెండు షీట్ల పెద్ద బొమ్మ.
నాలుకలు, గొలుసులు, మంటలు,
మంటల్లోంచి చొక్కా లేకుండా హీరోగారు.
'గుండె జబ్బున్నవాళ్ళు రావద్దు' అని
గుండెకాయంత అక్షరాలు.

హాలు ముందు అంబులెన్సు కూడా పెట్టారు,
రోజుకి పద్దెనిమిది వందలు అద్దె.
డ్రైవరు అసిరినాయుడు నా దగ్గర బీడీ అడిగి చెప్పాడు:
"రెండ్రోజులయింది గురూ,
ఒక్కడు పడిపోతే ఒట్టు.
నిన్న ఒకడొచ్చాడు,
తలనొప్పి మాత్రుందా అని."

లోపల ఏముందో నాకు తెలుసు. చూశాను.
తలుపు కిర్రుమంటే డప్పులు.
పిల్లి దూకితే డప్పులు.
దయ్యం నోరు తెరిచేలోగా
హీరోగారు దాని జుట్టు పట్టుకుని
పాటలోకి లాక్కెళ్ళిపోతారు.
జనం ఈల వేశారు. నేనూ వేశాను,
టికెట్టు కొన్నందుకు ఈలైనా గిట్టాలి కదా.
బయటికొచ్చి పునుగులు తిన్నాం.
భయం ఎక్కడా గొంతుకి అడ్డం పడలేదు.

'ఉప్పుగది' కంచరపాలెంలో,
ఓ పాత హాల్లో, రెండో ఆట ఒక్కటే.
అసిరినాయుణ్ణి నేనే తీసుకెళ్ళాను.
పదకొండు మందిమి. అందులో ఒకడు నిద్ర.

కథంటే ఏం లేదు.
వేటకెళ్ళి రాని మొగుడు.
రోజూ తెల్లారేసరికి గచ్చు మీద
ఉప్పు తేలిన అడుగులు,
తలుపు నుంచి పొయ్యి దాకా.
ఆమె అరవదు.
చీపురుతో ఊడ్చి
ఆ ఉప్పు డబ్బాలో పోసుకుంటుంది.
రాత్రికి చారులో వేస్తుంది.
పిల్లాడు చప్పరించి అంటాడు:
"అమ్మా, ఈయేల బాగుంది."

అంతే.
హాలంతా ఫాను చప్పుడు.
పక్కన అసిరినాయుడు
కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.
నేనూ.

దారిలో మాట్లాడలేదు.
జ్ఞానాపురం మలుపులో బండి ఆపి,
"ఇరవయ్యేళ్ళుగా శవాల్ని మోస్తన్నాను.
ఎప్పుడూ బయమెయ్యలేదు గురూ" అన్నాడు.
కాసేపాగి, "ఇంటిదాకా తోడు రా" అన్నాడు.

మర్నాడు వాళ్ళావిడ ఎర్రమ్మ ఫోను:
"ఏటి సూపించినావు మా ఆయనకి?
చారన్నం ముట్టుకోడు!"

రెండు బొమ్మలూ పంచింది ఒకాయనే, పెంటారావుగారు.
పుస్తకం తిప్పి చూపించారు:
ఉప్పుగదికి మూడు రోజులూ కలిపి నలభై రెండు టికెట్లు.
"హాలద్దెకి రాలేదు.
ఆ అంబులెన్సు బొమ్మకి ఇరవై నాలుగాటలూ ఫుల్లు.
మరి నువ్వే చెప్పు."
నేనేం చెప్పను. కూలిచ్చేది ఆయనే.
ఊరంతా ముప్పై గోడలు నా చేతికిచ్చారు.

కాబట్టి రాత్రి రెండింటికి మైదా.
ముందు ఆమె చేతుల మీద, తర్వాత వల మీద,
కళ్ళ దగ్గరికొచ్చి బ్రష్షు ఆగింది.
ఆగింది, అంతే. మానలేదు.

ఇదంతా జరిగి నెల.
పెద్ద బొమ్మ రెండో వారానికే ఎత్తేశారు.
తిట్టుకున్న నోళ్ళే
హీరోగారి తర్వాతి టీజరుకి ఊగుతున్నాయి.
అంబులెన్సు అసలు పనికి వెళ్ళిపోయింది.

కానీ ఈ ఊరి గాలికి ఉప్పు జబ్బు.
ఏ మైదా ఎక్కువ రోజులు నిలవదు.
నిన్న పొద్దున్న చేపల రేవు గోడ మీద
హీరోగారి దవడ ఊడి వేలాడుతోంది,
దాని వెనకనుంచి
ఒక్క కన్ను.

కవ్వలమ్మే ముసలావిడ తట్ట దించబోయి,
దాన్ని చూసి,
కొంగు భుజం చుట్టూ లాక్కుని
రెండడుగులు పక్కకి జరిగి కూర్చుంది.

నా బకెట్లో మైదా ఉంది.
చంకలో కొత్త బొమ్మ చుట్ట ఉంది.
ఆ గోడకీ అంటించానని
పెంటారావుగారి పుస్తకంలో రాయించి
కూలి తీసుకున్నాను.