బోరు దగ్గర వంటమనిషి లెక్క

నాలుగు వందల అడుగులు: బంగాళాదుంప పులుసు.
ఏడు వందల అరవై: క్యాబేజీ, గొర్రె మాంసం.
నీలి బంకమన్ను పడిన రోజు రొట్టె మాడింది.
అందరూ గొట్టం చుట్టూనే ఉన్నారు, నేనూ.

పిండి కొట్టు ఖాతా కాగితాల వెనక
ఇలాగే రాసుకున్నాను, నార్త్ డకోటాలో,
ఇరవై ఆరో సంవత్సరం,
గోధుమ ధర మళ్ళీ పడిపోయిన ఏడు.

నల్లపెట్టె చంకన పెట్టుకుని రైలు దిగాడాయన.
ఇంగ్వాల్డ్ స్కార్‌బో బార్లీ చేలో పెట్టె గుర్రుమంది.
అరచేతిలో వైకుంఠం అంటారే,
ఈయన అరచేయి కూడా తెరవలేదు,
మూత మీద వేలితో తట్టాడంతే.

వాటా పది డాలర్లు.
గుడ్ల డబ్బులు, మీగడ డబ్బులు,
చర్చి గంట కోసం కూడబెట్టినవి.
ఇంగ్వాల్డ్ నలభై ఎకరాలు తాకట్టు పెట్టాడు.
నాకు జీతం బదులు కాగితాలిచ్చారు.
అంచుల చుట్టూ ఆకుపచ్చ లతలు,
నడుమ ఆకాశానికి చిమ్ముతున్న నూనె.
మా ఊళ్ళో ఎవరూ చూడనిదాన్ని
ఎక్కడో అచ్చువేసేవాడు చూశాడు.

పందొమ్మిది వందల దగ్గర మోకు తెగింది.
ఉలి లోపల పడిపోయింది.
నలభై రోజులు కొక్కేలు వేసి దేవులాడారు.
దాన్ని చేపలు పట్టడం అంటారట వాళ్ళ భాషలో.
శుక్రవారం ఎండుచేప వండి వడ్డిస్తే
ఒక్కడూ నవ్వలేదు.
చివరికి దాన్ని పక్కకు తోసి
కొత్త ఉలితో దిగారు.

కొండను తవ్వి ఎలుకను పట్టారనడానికి
మాకు కొండేదీ? కనుచూపు మేరా బల్లపరుపు.
ఎలుకలు మాత్రం నా పిండి బస్తాలో.

రెండువేల తొమ్మిది వందల పది: ఏమీ వండలేదు.
నీళ్ళు పొంగాయి, గోరువెచ్చగా,
కళ్ళు మండేంత ఉప్పగా.
పెట్టె మనిషి అప్పటికి రెండు వారాలైంది,
ఇంకో పదివేలు తెస్తానని వెళ్ళి.

పులుసు కాచిన పెనంలోనే
ఆ నీళ్ళు రెండు బిందెలు మరిగించాను.
అడుగున బూడిదరంగు ఉప్పు, కాస్త చేదు.
ఆ చలికాలం పందిని కోసి దాంతోనే ఊరేశాం.
కంపెనీ పంచిన లాభం అదొక్కటే.
ఎవరు ఎంత తిట్టినా నేను నోరెత్తను.
దాని ఉప్పు తిన్నదాన్ని.

డెరిక్ దూలాలు ఎవరివి వాళ్ళు మోసుకెళ్ళారు.
బ్యాంకు తీసుకున్న చేలోనే
ఇంగ్వాల్డ్ కూలికి కుదిరాడు.
ఆదివారం చర్చి కాగానే వెళ్ళి
బోరు ఇనప మూతకు చెవి ఆనించేవాడు,
టోపీ తీసి మరీ.

ఏం వినిపిస్తోందని ఒకసారి అడిగాను,
అడగకుండా ఉండాల్సింది.

"ఉలి," అన్నాడు,
"పడిపోయిందే, ఆ పాతది.
ఇంకా దిగుతోంది."