మూడో వాల్వు

మార్చి నెల, రాత్రి రెండున్నర.
పంపుహౌసులో నేనూ, గోడ మీద బల్లీ,
ఇరవై హార్స్‌పవర్ మోటారూ
మేలుకుని ఉన్నాం.

ఊరు పడుకుంది గానీ ఊరి నీళ్ళు పడుకోవు.
వస్తూనే ఉంటాయి జల్లెడ దగ్గరికి:
మార్కెట్ వీధి హోటళ్ళ గంజి,
కల్యాణమండపం సాంబారు జిడ్డు,
హాస్టలు పిల్లల నురగ,
ఏ బాలింతో బొంతలు నానేసిన బకెట్టు.
మూడేళ్ళయింది ఈ కొలువులో.
నీళ్ళని చూసి తారీఖు చెప్పగలను:
జీతాలు పడ్డ వారం సబ్బు చిక్కన,
ఇరవై ఐదు దాటితే పలచన.

మా నాన్న కొల్లాబత్తుల దావీదు
ఈ ఊరి మురుగులోకే నడుందాకా దిగినవాడు.
మూత తెరిచి ముందు
లాంతరు తాడుతో దింపేవాడు.
దీపం ఆరకపోతే
తను దిగేవాడు.
ఇంటికొస్తే అమ్మ పెరట్లోనే నిలబెట్టి
మూడు బిందెలు గుమ్మరించేది.
ఆ మూడు బిందెలూ మళ్ళీ
ఆ కాలవకే పోయేవి.

నేను బూటు తడవకుండా మీటలు నొక్కుతాను.
గాలి బుడగలు, ఇసుక పొరలు, కాస్త క్లోరిను.
చివరి తొట్టిలో ట్యూబులైటు
విరక్కుండా కనపడితే
ల్యాబు అమ్మాయి సీసాలో పట్టుకెళ్ళి కాగితం రాస్తుంది:
తాగరాదు. పారించవచ్చు.
ఆ రెండు మాటల మధ్యే నా ఉద్యోగం.

గొట్టం శివారు దాకా వేసిన రోజు
చైర్మన్‌గారు రిబ్బను కత్తిరించారు,
కొబ్బరికాయ కొట్టారు,
నీళ్ళు మాత్రం ఎవరూ నెత్తిన చల్లుకోలేదు.

గోదారి పక్కనే ఉండి గొంతెండే చేలు అవి.
ధవళేశ్వరంలో బయల్దేరిన కాలవ
పైవాళ్ళ బోదెలు తడిపి,
రొయ్యల చెరువులు నింపి
ఇక్కడికొచ్చేసరికి ఒట్టి తడి మచ్చ.
బోరేస్తే ఉప్పు.
నేల కింద సముద్రం
అడగకుండానే కౌలుకొచ్చింది.

అయినా మీటింగులో
యర్రంశెట్టి పట్టాభిరామయ్యగారు లేచి
"ఊరు కడిగిన నీళ్ళు మా చేలోకా?
ఆ బియ్యం దేవుడికెలా పెడతామండీ?" అన్నారు.
చప్పట్లు కూడా పడ్డాయి.

మొదటేడు అడిగింది ఒక్కత్తే,
ఎకరం పది సెంట్లు కౌలు చేసే గుబ్బల సత్తెమ్మ.
దోసిట పట్టి వాసన చూసి
"మా ఆయన లుంగీకంటే నయమే" అంది.
దాళ్వా ఊడ్చేసింది.
ఆ యేడు యూరియా ఒక బస్తా మిగిలిందని
నాకొక్కడికే చెప్పింది,
ఊళ్ళో తెలిస్తే వంతు పోతుందని.

ఇప్పుడు షట్టరు చప్పుడు.
టార్చి వెనకాల పట్టాభిరామయ్యగారే.
కాలవ వంతు మళ్ళీ తప్పిందిట,
చేను పొట్ట మీదుందిట,
నాలుగు రోజులైతే ఇక వెన్ను రాదుట.
"మూడో వాల్వు కాస్త... బాబూ" అన్నారు.

బాబూ.
మా నాన్నని ఏమని పిలిచేవారో
ఆయనకీ గుర్తే, నాకూ గుర్తే.
మోటారు చప్పుడు ఇద్దరికీ సాయపడింది.

"నాలుగింటిదాకా సత్తెమ్మ వంతండి" అన్నాను.
అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు.
ఫ్లాస్కులో టీ మూతలోకి వంపి ఇచ్చాను.
చాలాసేపు చేతిలోనే ఉంది.
తాగారో, చీకట్లో పారబోశారో
నేను చూడదల్చుకోలేదు.

నాలుగింటికి చక్రం తిప్పాను.
గొట్టం ఒకసారి దగ్గి నీళ్ళు వదిలింది.
అందులో వాళ్ళింటి అంట్లూ ఉన్నాయి,
మా పేట బట్టలూ ఉన్నాయి,
ఏవి ఏవో ల్యాబు అమ్మాయి కూడా చెప్పలేదు.

బోదె వెంట నీళ్ళకంటే ముందు
ఆయన టార్చి పరిగెత్తింది.

రిజిస్టర్లో పేరు, ఎకరాలు, టైము రాశాను.
సంతకం గడి ఖాళీ.
పొద్దున్నే వెళ్ళి అడగాలి.