సున్నం ఆరేదాకా

ఎండకాలం సెలవుల్లో మా బడికి సున్నమేయ వచ్చిండు
మక్తల్ ఉశన్న, ఒకప్పటి గుంపుమేస్త్రీ.
ఏడో తరగతి గోడమీద
పోయినేడు పిల్లలు రంగులేసిన బొమ్మ:
ఐగుప్తు అధికారి ఒకడు, చేతిల పొడుగు కట్టె.
ఎదురుంగ వరుసకట్టిన పరాయి దేశపోళ్లు,
ఏనుగు దంతాలు, చిరుత తోళ్లు,
వేళ్లతోటే గంపకెత్తిన సాంబ్రాణి మొక్క,
ఒకని భుజమ్మీద కోతి.

"గీ కట్టె వట్టినోడెవడు సారూ?"

రాజు పంపితే గాడిదల మందతోని నెలలకు నెలలు
దక్షిణాన నడిచి,
తెల్వని దొరలతోని, తెల్వని భాషల
బేరం కుదుర్చుకొచ్చినోడన్న.

"అంటే మేస్త్రీ."

నేను నవ్విన. ఆయన నవ్వలే.
షోలాపూర్ల మరాఠీ, రాయచూర్ల కన్నడం
తిట్లు తినుకుంట నేర్చినోడు.

పాఠం చెప్పే రోగం ఊకుంటదా?
"అసుంటోళ్లు సమాధిమీద చెక్కించుకునేటోళ్లు ఉశన్నా,
క్షేమంగ పోయిన, క్షేమంగ వచ్చిన,
నా మందిల ఒక్కడు గూడ తప్పిపోలే, అని."

కుంచె బకెట్ల ముంచి అట్లనే నిలవడ్డడు.
"లెక్క ఎవరు వెట్టిన్రు?"
"వాడే."
"సమాధెవనిది?"
"వానిదే."
"గట్లనా."

చుక్కలు చుక్కలు సున్నం
ఆయన కాలివేళ్ల మీద.

"నాకాడ ఒక నోటుబుక్కుండె సారూ.
పోంగ నలభై రెండు.
కాలువకట్ట ఇరిగి పడ్డనాడు
కావలి బుడ్డన్న దొరకలే. తవ్వనియ్యలే.
రాంగ నలభై రెండే రాయుమన్నడు గుత్తేదారు.
రాసిన.
ఆని పెండ్లాం ఇంటిముంగట్నుంచి ఇప్పటికీ పోను,
పోచమ్మ గుడెన్క నుంచి సుట్టు తిరిగి పోత."

నేనేమంట?
నా కాడున్న ఐగుప్తంత పుస్తకాలదే.

కుంచె కట్టెతోని బొమ్మలోళ్లను
ఒక్కొక్కణ్ణి ముట్టుకుంట లెక్కవెట్టిండు.
"పదకొండు. కోతిని వట్టుకుంటే పన్నెండు."
మళ్ల మొదటికెళ్లి ఇంకోసారి.

అప్పుడు పూత మొదలువెట్టిండు.

తడి సున్నం ఏదీ దాయదు.
ఆరినకొద్దీ తెల్లవడుతది.
పడమటి కిటికీ ఎండకు
కట్టె వట్టినోడు ముందుగాల ఆరిపోయిండు,
తలపాగ, గంధం మెడ, కట్టె కొస అన్నీ.
మూల చెమ్మకున్న మోసేటోళ్లు
నెత్తిన గంపలతోటి
ఇంకా నడుస్తనే ఉన్నరు.

బకెటు కడిగి బోర్లించి
"రేపు రెండో పూతేస్తే కనవడరు సారూ" అన్నడు.
కూలి అడగకుంటనే పోతుంటే
పిలిచి ఇచ్చిన.
రెండుసార్లు లెక్కవెట్టుకున్నడు.