ఎలాదియో పడవకి అల్లిన వల

పడవ పేరు కార్మీన్య.
వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న.
మూరోస్ రేవుగోడకి ఇరవై బారల దూరాన
తుప్పు పట్టిన గొలుసు మీద
ఒక తేలుడు పీపాకి కట్టి ఉంటుంది.

భుజం విరిగి ఎలాదియో ఇంట్లో కూర్చున్న అక్టోబరు నుంచీ
దాని మీద కాపురం పెట్టాయి కడలికాకులు.
పద్ధతిగా, వరసగా,
ముక్కులన్నీ గాలికి ఎదురుగా
తోకలన్నీ క్యాబిన్ కిటికీ వైపు.

నీలం డెక్కు సున్నం కొట్టిన గోడయింది.
దాని మీద పీత డొప్పలు, ఆలివ్ గింజలు,
ఎవరి ఇంటినుంచి ఎత్తుకొచ్చాయో
ఒక బొమ్మ చెయ్యి.

మొదట గుడ్లగూబని తెచ్చాడు.
ప్లాస్టిక్‌ది, పన్నెండు యూరోలు.
పసుపు కళ్లు, గాలికి తిరిగే మెడ.
మూడు రోజులు బెదిరాయి.
నాలుగో రోజు ఒకటి వచ్చి
దాని నెత్తినే కూచుని ఊరంతా కలయజూసింది.
వారం తిరిగేసరికి గుడ్లగూబకి తెల్లగడ్డం.

తర్వాత మనవరాలి పాత సీడీలు దారానికి గుచ్చి కట్టాడు.
మా ఊళ్లో చలికాలమంతా ముసురే.
ఎండ లేనిచోట తళుకు ఎవరిని బెదిరిస్తుంది?
తర్వాత ఎర్రజెండాలు.
తర్వాత, ఒడ్డున నించుని తిట్లు.
అవి ఇక్కడ రాయను.
ఫుకో కాఫీకొట్టు ముందు ఆడుకునే పిల్లలకి
ఇప్పటికే కంఠతా వచ్చు.

చివరికి మెడకి చెయ్యి వేలాడేసుకుని
నా షెడ్డులోకి వచ్చాడు.
"సబేలా, ఒక వల కావాలి. చేపలకి కాదు."

నలభై ఒక్క ఏళ్లుగా అల్లుతున్నాను.
సార్డీన్‌కి ఎంత కన్ను, హేక్‌కి ఎంత కన్ను
చీకట్లో అడిగినా నా వేళ్లే చెబుతాయి.
కడలికాకికి ఎంత కన్ను పెట్టాలో
మా అమ్మ నేర్పలేదు.

రొట్టెముక్క పట్టుకుని రేవుగోడ మీద కూచున్నాను.
ఒకటి నడిచొచ్చింది, అద్దె వసూలుకొచ్చినట్టు.
బెత్తెడు దూరంలో దాని పాదం:
లేత గులాబీ, వేళ్ల మధ్య పొర,
తడిసిన గొడుగుగుడ్డలా.
నా బొటనవేలితో కొలుచుకున్నాను.
అంత కన్నయితే ఆ కాలు దూరదు.

పదిహేను రోజులు పట్టింది.
ఎలాదియో రోజూ వచ్చి గుమ్మంలో నించునేవాడు,
ఏమీ అడక్కుండా. అదే పెద్ద తొందర.
నూలు అయిపోయింది.
వెనకమూల రెండు మూరలు
పాత హేక్ వల ముక్క అతికి
"అయింది, తీసుకుపో" అన్నాను.

జనవరిలో, రాత్రంతా గాలి కొట్టిన మర్నాడు
ఫుకో కొడుకు పరిగెత్తుకొచ్చాడు.

ఆ మూలలోనే.
ఇంకా గోధుమరంగు చుక్కలు పోని పిల్ల.
కాలొక కంట్లో, రెక్క రెండు కళ్లలో.
దాని తల్లో, ఎవరో, పైన గిరికీలు కొడుతూ
గొంతు చించుకుంటోంది.

తొందరలో కత్తి మరిచిపోయాను.
నా ముడి నేనే విప్పాలి.
తడికి బిగిసిన ముడి, వణికే చెయ్యి,
బొటనవేలు పొడిచి పొడిచి నెత్తురు తీస్తున్న ముక్కు.
ఒడ్డునుంచి ఎలాదియో అరిచాడు:
"బతికుందా?"
జవాబు చెప్పేలోపే మళ్లీ,
"బతికుందా, సబేలా?"

ఆఖరి ముడి వీడగానే
నా ఒళ్లో వెచ్చగా వదిలి
ఎగిరిపోయింది.

ఆ సాయంత్రం ఫుకో కొట్లో
గ్లాసు రెండోసారి నింపాక అన్నాడు:
"పొగమంచులో సార్డీన్ ఎక్కడుందో
ఏనాడూ నా కంటికి కనిపించలేదు.
వాటి అరుపు విని పడవ తిప్పేవాణ్ణి."
పక్కవాళ్లు ఫుట్‌బాల్ చూస్తున్నారు.
నా బొటనవేలికి కట్టిన గుడ్డ కేసి చూసి
ఇంకేం అనలేదు.

ఏప్రిల్లో వల తీశాడు.
కింద డెక్కు నీలంగా, కొత్తగా,
ఇన్నాళ్లూ సున్నం కప్పిన పగుళ్లన్నీ బయటపడి.
ఒంటిచేత్తో మోటారు లాగి వెళ్లాడు.
సాయంత్రం తిరిగొస్తుంటే
పడవ కనిపించలేదు,
ముందు ఒక తెల్లమబ్బు, దాని రొద.
చేపపేగులు తీసి పైకి విసురుతున్నాడు,
అవే తిట్లు తిడుతూ.

సోమవారం బకెట్టు, బ్రష్షు పట్టుకు రమ్మన్నాడు.
నేనెందుకు రావాలని అడిగితే
వల నీదేగా అన్నాడు.

వల నా షెడ్డులో వేలాడుతోంది.
ఆ మూల విప్పి మళ్లీ అల్లాను.
గుడ్లగూబ మాత్రం పడవ మీదే ఉంది,
గడ్డం ఎవరూ గీయలేదు.